కళాయి లేని గుండిగ

"ఆ గుండిగని ముట్టుకోవద్దు."

ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య గొంతు అది. హజరత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముట్టుకోనూ లేదు. అరచెయ్యి గుండిగకి జానెడు ఎడంలో ఆపి, వంగి లోపలికి చూశాడు.

"సీలు వేసింది నేను. కేసు నాది. నిన్నెవరు రమ్మన్నారు?"

"దరియావలి పెండ్లాం."

"ఆమె దగ్గర నీకివ్వడానికి ఏముంది?"

"అది ఆమె సంగతి, నా సంగతి. నీ సంగతి కాదు."

ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేసినవాళ్ళు. హజరత్తయ్య ఉద్యోగం వదిలేసి నెల్లూరులో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు. పద్మనాభయ్య ఉద్యోగంలోనే ఉండి పైకొచ్చాడు. అప్పటినుంచీ ఒకరు తలుపు తీస్తే రెండోవారు మూయడమే.

వాళ్ళు నిలబడింది గవ్వలపాలెం బడి వంటపాకలో. సోమవారం మధ్యాహ్నం ఈ పాకలో వండిన పులుసన్నం తిని బడి పిల్లలు సగంమంది వాంతులు చేసుకున్నారు. మాలకొండమ్మ అనే చిన్నపిల్ల ఇంకా నెల్లూరు ఆస్పత్రిలోనే ఉంది. ప్రాణభయం లేదన్నాడు డాక్టరు. పులుసులో ఇత్తడి చిలుము దిగిందనీ అన్నాడు. పోలీసులు వచ్చి చూస్తే ఇత్తడి గుండిగ లోపల కళాయి, అంటే తగరం పూత, లేదు. ఆ గుండిగకి ఈమధ్యే కళాయి పెట్టినవాడు దరియావలి. సాయంత్రానికి దరియావలి చేతులకి బేడీలు పడ్డాయి.

ఇవాళ గురువారం. పంచాయతీ సమితి నుంచి ఎడ్యుకేషన్ ఆఫీసర్ వస్తున్నాడు. పేదపిల్లల గ్రాంటుతో పెడుతున్న మధ్యాహ్నం అన్నాన్ని ఆపేస్తూ సంతకం చేసిపోతాడు. ఆ వెనకే దరియావలిని నెల్లూరు కోర్టుకి తీసుకుపోతారు. హజరత్తయ్యకి ఉన్న వ్యవధి ఆఫీసర్ జీపు వచ్చేదాకా.

"చూసినావు గదా, ఇక పద," అన్నాడు పద్మనాభయ్య.

"బయటినుంచి చూస్తాలే. దానికి నీ సీలు అడ్డం రాదు," అన్నాడు హజరత్తయ్య. పాక గడప దిగి హెడ్‌మిస్ట్రెస్ గది వైపు నడిచాడు.

హెడ్‌మిస్ట్రెస్ చెంచులక్ష్మి ముఖం ఇంకా పాలిపోయే ఉంది. పిల్లలకి పెట్టేముందు తాను ఒక ముద్ద తిని చూడడం ఆమెకి అలవాటు. సోమవారం ఆమె కూడా పడిపోయింది.

"గుండిగ ఎక్కడ కొన్నారమ్మా?"

"నెల్లూరు పెద్దబజార్లో. గ్రాంటు డబ్బుతోనే."

"పేరు చెక్కించలేదే?"

"చెక్కేదానికి అడిగిన డబ్బుతో పలకలొచ్చినాయి. పేరు నాకెందుకు?"

"గ్రాంటు వచ్చినప్పుడు మీ కమిటీ ఏం చెయ్యమంది?"

"ప్రహరీగోడ కట్టమంది. బల్లలు కొనమంది. ప్రెసిడెంటు కామాక్షయ్యగారి బావమరిది కంట్రాక్టరు. ఆయన కొలతలు కూడా వేసుకుని పోయినాడు."

"మీరు వినలేదు."

"వినలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టించి నేను వాకిట్లో నిలబడినాను. ఎవురు పోతే తిరిగి రావడం లేదో చూసినాను. మగపిల్లలు ఇంటికి పోవడం లేదు, ఒడ్డుకి పోతా ఉండారు. అలివి వల లాగేటప్పుడు తాడుకి ఎవురు చెయ్యేసినా కాసిని చేపలిస్తారు. ఆ చేపలే వాళ్ళ రాత్రి కూడు. ఇక వాళ్ళు చదువుకి ఎట్టా తిరిగొస్తారు? ఆడపిల్లలేమో అసలు రానే రారు. చంకలో తమ్ముడో చెల్లెలో ఉంటుంది గదా. అందుకని మగపిల్లల కోసం అన్నం పెట్టించినాను. ఆడపిల్లల కోసం ఒక ముసలమ్మని పెట్టి వరండాలో ఉయ్యాలలు కట్టించినాను. గ్రాంటంతా దానికే."

"పిల్లలు వచ్చారా?"

"అరుగులు చాలలేదు. ఇప్పుడు చూడండి."

హజరత్తయ్య కిటికీలోంచి చూశాడు. తరగతుల్లో గోడలున్నాయి, నల్లబల్లలున్నాయి. పిల్లలు లేరు. దూరంగా ఒడ్డున వలతాడు పట్టుకుని వరసగా చిన్న చిన్న వీపులు కనిపించాయి.

"పాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"ఒకటి నా దగ్గర. రెండోది ప్రెసిడెంటు గారి దగ్గర."

"ఆదివారం?"

"మా అమ్మకి బాగలేదంటే నెల్లూరు పోయినాను. సోమవారం మొదటి బస్సుకి వచ్చి నేరుగా క్లాసుకి పోయినా. గుండిగలోకి చూసేటప్పటికే పులుసు నిండా ఉంది."

"వంటామెని పిలవండి."

వంట చేసే పెంచలమ్మ పాలెం మనిషి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది.

"నేనేం వేయలా సామీ. ఉప్పు, కారం, చింతపండు. ఆ ఇన్‌స్పెట్రయ్యకి వందసార్లు చెప్పినా."

"నువ్వేం వేసినావని నేను అడగను. ఏం చూసినావో చెప్పు. సోమవారం పొద్దున గుండిగ ఎట్టా ఉంది?"

పెంచలమ్మ కొంగు తీసింది. "పచ్చంగా ఉన్నింది."

"ఎక్కడ?"

"లోపల. మెరస్తా ఉన్నింది. ఎవురో బాగా తోమినారు, నాకు పని తప్పింది అనుకున్నా."

"శనివారం ఎట్టా ఉంది?"

"తెల్లంగా. ఎప్పుడూ తెల్లంగానే ఉంటాది. సున్నంలాగా ఏందో పట్టుకోనుంది, అది పోయి ఇత్తడి బయటపడిందిలే అనుకున్నా. బంగారమైనా పచ్చంగానే గదా ఉంటాది?"

చెంచులక్ష్మి నుదుటిమీద చెయ్యి పెట్టుకుంది. "పెంచలమ్మా! ఆ తెలుపే కళాయి. అది లేకపోతే పులుపు విషమవుతుంది."

"నాకేం తెలుసమ్మా? మా ఇంట్లో ఇత్తడి యాడుంది? మట్టికుండ, సత్తుగిన్నె. పాలెం మొత్తం వెతికినా ఇత్తడి చెంబు దొరకదు."

"ఇది ఎవరికీ చెప్పలేదెందుకు?" అన్నాడు హజరత్తయ్య.

"అడిగితే గదా! 'ఏమేసినావు, ఏమేసినావు' అనే అరిచినాడు గానీ, 'ఏం చూసినావు' అని ఆ మహానుభావుడు అడగలా."

గుమ్మంలో నిలబడి వింటున్న పద్మనాభయ్య టోపీ సర్దుకున్నాడు.

"పులుసు ఎందుకు పెట్టినావు? రోజూ పప్పే గదా?" అన్నాడు హజరత్తయ్య.

"కామాక్షయ్యగారి జీతగాడు ఆదివారం పొద్దుగూకి బుట్టెడు చింతపండు తెచ్చిచ్చినాడు. పిల్లకాయలకి ఉత్త పప్పుతో నోరు చచ్చిపోయి ఉంటాది, చిక్కంగా పులుసు కాయమన్నాడంట అయ్యగారు. తెల్లారే కాచి పెట్టుకుంటే మధ్యాన్నానికి బాగా ఊరతాదని కూడా చెప్పి పంపినాడు. ఎంత మంచి మనిషి అనుకున్నా."

హజరత్తయ్య వంటపాకకి తిరిగి నడిచాడు. పద్మనాభయ్య వెంట వచ్చాడు.

"ఆ మాటతో ఏం తేలింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "శనివారం దాకా కళాయి ఉంది, సోమవారానికి పోయింది. దరియావలి తగరంలో సీసం కలిపి, పల్చగా పూసి, డబ్బు తీసుకున్నాడు. ఎక్కువ రోజులు నిలవలేదు, ఊడిపోయింది. నేను చెప్పిందీ అదే."

"నీ టార్చి ఒకసారి ఇయ్యి."

పద్మనాభయ్య టార్చి ఇచ్చాడు, ఇష్టం లేకుండానే. హజరత్తయ్య గుండిగ లోపలికి వెలుగు కొట్టాడు. మెడ దగ్గర, అంచు వంపులో, అడుగు మూలల్లో నిదానంగా తిప్పాడు.

"కళాయి అరిగితే ఎక్కడ అరుగుతుంది?"

"గరిటె తగిలేచోట."

"ఎక్కడ మిగులుతుంది?"

పద్మనాభయ్య వెలుగు పడినచోటికి వంగి చూశాడు.

"వంపుల్లో మిగులుతుంది," అన్నాడు హజరత్తయ్య. " అంచు కింద గరిటె పోదు, పీచు పోదు. ఎంత దొంగ కళాయి అయినా అక్కడ మరకైనా ఉంటుంది. ఇందులో చుక్క తగరం లేదు. ఇది కళాయి పోయిన గుండిగ కాదు పద్మనాభం. కళాయి అంటే ఏమిటో పుట్టినప్పటినుంచీ చూడని గుండిగ."

"అంటే?"

"అంటే బడి గుండిగ వేరే చోట ఉంది. ఇది వేరే చోటినుంచి వచ్చింది."

పద్మనాభయ్య నవ్వాడు. నవ్వు పెద్దగానే ఉంది. "బాగుంది! దొంగ ఉన్న గుండిగ ఎత్తుకుపోయి, దాని బదులు ఇంకొక గుండిగ పెట్టిపోయినాడా? నా సర్వీసులో అంత మర్యాదస్తుడైన దొంగని చూడలేదు."

"నేనూ చూడలేదు. ఇవాళ చూద్దాం."

హజరత్తయ్య నేలమీద కూర్చుని వెలుగుని గుండిగ బయటివైపు తిప్పాడు. పొయ్యి మీద పెట్టేముందు మసి అంటకుండా అడుగున మట్టి పూస్తారు. పెంచలమ్మ పూసింది అడుగున అలాగే ఎండి ఉంది. బూడిదరంగు బురద, అందులో తెల్లటి గుల్ల ముక్కలు. పాలెం కాలవ గట్టు మట్టి అది. అంతవరకు వింత లేదు.

వెలుగు పైకి పోయింది. గుండిగ భుజం దగ్గర, కడియం కింద, వేరే మట్టి ఉంది. నల్లరేగడి. అందులో వరి ఊక కలిపి ఉంది. పూత కాదు అది, మందంగా పెళ్ళలాగా అతుక్కుని, కాలి కాలి ఇటుకై ఉంది. ఒక పక్క పగిలిన అంచు వంకరటింకరగా పోయింది.

మసి అంటకుండా పూసే మట్టి భుజం దాకా ఎవరూ పూయరు. బెత్తెడు మందాన ఎవరూ పూయరు. హజరత్తయ్య ఆ పెళ్ళని చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. టార్చి ఆర్పి తిరిగి ఇచ్చేశాడు.

"ఏం కనిపించింది?"

"మట్టి."

దరియావలిని వరండా స్తంభం దగ్గర కూర్చోబెట్టారు. గేటు బయట అతని భార్య మదార్‌బీ కొలిమి సామాను సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నెల్లూరు దాకా నడిచిపోయి హజరత్తయ్య తలుపు తట్టింది ఆమే.

"కళాయి ఎక్కడ పెట్టినావు?" అని దరియావలిని అడిగాడు హజరత్తయ్య.

"ఈ వాకిట్లోనే సార్. పిల్లకాయలంతా చుట్టూ కూకుని చూసినారు. తగరం కరిగి తెల్లంగా పరుచుకుంటే చప్పట్లు కొట్టినారు."

"సీసం కలిపినావా?"

దరియావలి తల ఎత్తాడు. "నా బిడ్డ ఈ బళ్ళోనే తింటాది సార్. సోమవారం అదీ కక్కింది."

పద్మనాభయ్య అటు తిరిగి బూటుతో ఇసక గీశాడు.

దరియావలికి చెమట కళ్ళలోకి కారింది. బేడీల చేతులు రెండూ ఎత్తాడు గానీ, తుడుచుకుంది ఎడమచేత్తో.

"పుర్రచేతివాటమా?"

"అవును సార్. మా నాయన వాతలు పెట్టినాడు, మౌల్సాబు చెయ్యి కట్టేసినాడు. అన్నం మటుకు కుడిచేత్తో తింటా. పని మటుకు ఆ చేత్తో రాలా."

హజరత్తయ్య ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. అంతలో గేటు దగ్గర గూడుబండి ఆగింది.

కామాక్షయ్య దిగాడు. పైఊరి రైతు, బడి కమిటీ ప్రెసిడెంటు. తెల్లటి పంచె, భుజాన మడత నలగని కండువా. చెయ్యెత్తు మనిషి. వస్తూనే గొంతు ముందు వచ్చింది.

"ఏమమ్మా పంతులమ్మా, ఆఫీసరు వస్తా ఉండాడంట గదా? నేను మొదటే చెప్పినా. పాలెం పిల్లకాయలకి అన్నం పెడితే చదువొస్తాదా? గోడ కట్టుంటే మన తరువాత కూడా నిలిచుండేది. ఇప్పుడు చూడు, ఎంత అప్రతిష్ఠో!"

"గోడ నిలిచుంటుందండీ," అంది చెంచులక్ష్మి. "లోపల ఎవురుంటారు?"

కామాక్షయ్య వినిపించుకోలేదు. హజరత్తయ్య వైపు చూసి, "ఈయనెవరు?" అన్నాడు.

"నెల్లూరు నుంచి వచ్చినానండీ. హజరత్తయ్య అంటారు," అని చేతులు జోడించాడు డిటెక్టివ్. "సమయానికి వచ్చారు. మీతోనే ఒక మాట. ఆఫీసరు వచ్చేసరికి బడి ఖాళీగా ఉంటే అందరికీ చెడ్డపేరు, మీతో సహా. ఈ ఒక్క పూట పిల్లలకి అన్నం పెడితే, 'ప్రెసిడెంటు గారే ముందుకొచ్చి పెట్టించారు' అని ఆయన చెవిలో పడుతుంది. ఈ గుండిగ పోలీసు సీలులో ఉంది. మీ ఇంటి గుండిగ ఒకటి ఇప్పిస్తే చాలు."

కామాక్షయ్య కళ్ళు ఒకసారి వంటపాక వైపు పోయి వచ్చాయి. "మా ఇంట్లో అంత పెద్దది..."

"లేకపోవడమేంది అయ్యగారూ?" అంది పెంచలమ్మ. "మీ అమ్మాయి పెండ్లికి ఊరంతా తిన్న అన్నం దోసిట్లో వండినారా?"

వాకిట్లో పోగైన ఆడవాళ్ళు నవ్వారు. కామాక్షయ్య కూడా నవ్వక తప్పలేదు. "ఉందిలే, ఉంది. ఎందుకుండదు? ఈమధ్యే కళాయి కూడా పెట్టించినా."

"ఈ దరియావలి చేతనా?" అన్నాడు హజరత్తయ్య.

"వీడి చేతనా? ఛీ! నెల్లూరు నుంచి మనిషిని పిలిపించినా. వీడి చెయ్యి నా ఇంటి గిన్నె మీద పడనిస్తానా?"

"విన్నావుగా పద్మనాభం?"

"విన్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎందుకు వినాలో తెలియక.

"పెంచలమ్మా, నువ్వు బండిలో పోయి తీసుకురా," అన్నాడు హజరత్తయ్య. ఆమెని బండి దాకా సాగనంపుతూ చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. కామాక్షయ్య ఆపాటికి వరండాలో కుర్చీ వేయించుకుని, ఆఫీసరుకి వినిపించాల్సిన ఉపన్యాసం ఇన్‌స్పెక్టర్‌కి వినిపిస్తున్నాడు.

బండి తిరిగి రావడమూ, ఆఫీసరు జీపు రావడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి.

ఆఫీసరు తొందరలో ఉన్నాడు. నిలబడే కలం తీశాడు. "ఇన్‌స్పెక్టర్ గారి రిపోర్టు చూశాను. అన్నం ఆపేద్దాం. ఈ గ్రాంటు ఇక ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలో..."

"గోడ," అన్నాడు కామాక్షయ్య.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు హజరత్తయ్య. "సంతకం పెట్టేముందు మీరు ఇన్‌స్పెక్టర్ గారి క్యారియర్ చూడాలి."

"నా క్యారియరా?" అన్నాడు పద్మనాభయ్య.

"తే. పెరుగన్నం తినేశావుగా."

ఇత్తడి క్యారియర్ వచ్చింది. హజరత్తయ్య పై గిన్నె ఖాళీ చేయించి కడిగించాడు. లోపల కళాయి అక్కడక్కడ అరిగి పసుపు తేలింది.

"కేసు కళాయిది, నీ గిన్నెకే కళాయి లేదు. ఇంతమంది పిల్లల మీద రిపోర్టు రాసినవాడివి, నీ పెరుగన్నం సంగతి చూసుకోవద్దా?"

ఆఫీసరు పెదవి కొరుక్కున్నాడు. ఆడవాళ్ళు దాచుకోలేదు, పైకే నవ్వేశారు.

"దరియావలి బేడీలు తీయించు. నీ గిన్నెకి నీ ఎదుటే కళాయి పెడతాడు. పారిపోతే నన్ను పట్టుకో."

పద్మనాభయ్య ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు తల ఊపాడు.

మదార్‌బీ సంచి విప్పింది. ఇసకలో గుంట తీసి బొగ్గులు పోసి తిత్తి ఊదింది. దరియావలి మణికట్టులు రుద్దుకుని కూర్చున్నాడు. గిన్నె ఎర్రబడబోతుండగా నవాసారం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పున లేచి అందరినీ దగ్గించింది. తగరం ముక్క అలా తాకించాడో లేదో కరిగిపోయింది. ఎడమచేత్తో దూది పట్టుకుని ఒకే ఊపున చుట్టూ తుడిచాడు. పసుపు మాయమై గిన్నె లోపల వెన్నెల పరుచుకుంది.

ఎప్పుడు వచ్చారో, ఒడ్డునుంచి నలుగురైదుగురు పిల్లలు వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డారు. ఒకడు చప్పట్లు కొట్టాడు.

హజరత్తయ్య గిన్నెని నీళ్ళలో ముంచి చల్లార్చి ఆఫీసరు చేతికి ఇచ్చాడు. రెండో చేతికి క్యారియర్ కింది గిన్నె ఇచ్చాడు.

"దూది గీతలు చూడండి సార్. కింది గిన్నెలో కళాయి ఇంకా అరగలేదు, అది నెల్లూరులో పెట్టింది. గీతలు ఎటు తిరిగాయి?"

"కుడికి."

"దరియావలి పెట్టినదానిలో?"

"ఎడమకి." ఆఫీసరు రెండు గిన్నెలనీ ఎండకి తిప్పి చూశాడు. "పూర్తిగా ఎడమకే."

"ఇతనిది పుర్రచేతివాటం. తండ్రి కొట్టినా మారని చెయ్యి అది. ఇప్పుడు బండిలో వచ్చిన గుండిగ చూడండి. నెల్లూరు మనిషి కళాయి పెట్టాడనీ, దరియావలి చెయ్యి దానిమీద పడనే లేదనీ ప్రెసిడెంటు గారు ఇందాక అందరి ముందూ అన్నారు."

గుండిగని బండిలోంచి దించి ఎండకి వంచారు. తెల్లగా మెరిసింది. అందరికంటే ముందు తల దూర్చింది పద్మనాభయ్య. చాలాసేపు తల బయటికి తీయలేదు.

"ఏమైంది ఇన్‌స్పెక్టర్?" అన్నాడు ఆఫీసరు.

"ఎడమకి," అన్నాడు పద్మనాభయ్య గుండిగలోంచే. ఆ మాట లోపల గింగురుమంది.

కామాక్షయ్య కుర్చీలోంచి లేచాడు. గొంతు తడబడలేదు. "అయితే ఏంది? ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చినారు. బడి గుండిగ తెప్పించుకున్నా, ప్రెసిడెంటుకి ఆ మాత్రం లేదా? తిరిగి పంపేటప్పుడు పనోళ్ళు ఒకటికొకటి మార్చి ఉంటారు. రెండూ ఒక్క మాదిరే గదా! పొరపాటు. ఎవురిదీ తప్పు కాదు."

ఆఫీసరు ఆలోచనలో పడ్డాడు. ఆ మాట నమ్మదగ్గట్టే ఉంది. పొరపాటైతే దరియావలి బయటపడతాడు గానీ, అన్నం నిలవదు. పొరపాట్లు జరిగేచోట పిల్లలకి వండి పెట్టనివ్వరు. చెంచులక్ష్మి హజరత్తయ్య వైపు చూసింది.

"పెంచలమ్మా," అన్నాడు హజరత్తయ్య. "ఒడి విప్పు."

పెంచలమ్మ ఒడిలోంచి నల్లటి మట్టిపెళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది. అరచెయ్యంత ఉంది. ఊక కలిపిన రేగడి, కాలి ఇటుకైంది.

"ఎక్కడ దొరికింది?"

"అయ్యగారి పెరట్లో. తానాలకి నీళ్ళు కాచే పొయ్యి కాడ. పొయ్యికి నడిమధ్య ఇంత బొక్క, గుండిగ పెరికేసినట్టు. చుట్టూ ఇట్టాంటి పెళ్ళలు పడుండాయి."

"మట్టి ఎవరైనా ఎక్కడినుంచైనా తేవచ్చు," అన్నాడు పద్మనాభయ్య. అయితే ఈసారి గొంతులో వాదన లేదు, ప్రశ్న ఉంది.

"తేవచ్చు. పగిలిన అంచుని మాత్రం తయారుచేయలేరు. రా, నీ చేత్తోనే పెట్టి చూడు."

అందరూ వంటపాకలోకి వచ్చారు. పద్మనాభయ్య తాను వేసిన సీలు తానే తీశాడు. గుండిగ భుజం దగ్గర, కడియం కింద అతుక్కున్న పెళ్ళ పక్కన, చేతిలోని పెళ్ళని ఆనించాడు. కాస్త తిప్పాడు. వంకరకి వంకర, గుంటకి గుంట, ఊకపోచ దగ్గర ఊకపోచ కలిసి ఇమిడిపోయింది. చెయ్యి తీసినా పడలేదు.

ఆఫీసరు వంగి ఆ అతుకు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది వంట గుండిగ కాదు సార్," అన్నాడు హజరత్తయ్య. "నీళ్ళపొయ్యి గుండిగ. పొయ్యిలో కూర్చి చుట్టూ మట్టి మెత్తేస్తారు. అది అక్కడే ఉంటుంది, కదలదు. వేణ్ణీళ్ళకి కళాయి దేనికని ఎవరూ పెట్టించరు. దాన్ని చూసి వంట గుండిగ అని పొరబడాలంటే ముందు గునపం తీసుకుని పొయ్యి పగలగొట్టాలి." ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "అమ్మా, నీళ్ళగుండిగని మీరు ఎవరైనా వంటకి పెడతారా?"

"మా నీళ్ళకుండనే పెట్టం, ఆయన ఇత్తడినా?" అంది వెనకనుంచి ఒక ముసలామె.

"గుండిగ పెరికించి, తోమించి, ఆదివారం తన తాళంచెవితో పాక తీయించి మార్చాడు. అదే సాయంత్రం చింతపండు పంపాడు. తెల్లారే కాచి మధ్యాహ్నం దాకా ఊరనివ్వమన్నాడు. పాలెంలో ఇత్తడి లేదనీ, పచ్చగా ఉంటే వంటామె అనుమానించదనీ ఆయనకి తెలుసు. ఆ నమ్మకం మీదనే ఇదంతా నడిచింది."

కామాక్షయ్య కండువా భుజంనుంచి జారింది. ముఖం ఎర్రబడింది. "ఎవురు చచ్చినారిప్పుడు? ఆఁ? రెండు వాంతులైతే దానికింత రాద్ధాంతమా? ఒక్క పిల్లకాయకైనా ప్రాణం మీదికి రాలేదే!"

"రెండు వాంతులు చాలని ముందే అనుకున్నావన్న మాట," అంది చెంచులక్ష్మి.

అప్పుడు తెలిసింది కామాక్షయ్యకి తన నోటినుంచి ఏం వచ్చిందో. నోరు మూశాడు. మూసేసరికి ఆఫీసరు కలం మూత పెట్టేశాడు.

"ఆస్పత్రిలో పిల్ల పేరేమిటి?" అన్నాడు ఆఫీసరు.

"మాలకొండమ్మ సార్. రేపు ఇంటికి పంపుతామన్నారు."

"అయితే ఆ పిల్ల వచ్చేసరికి ఇక్కడ పొయ్యి వెలిగి ఉండాలి. అన్నం ఆగదు. గ్రాంటులో గోడకి నయాపైసా పోదు. పాక తాళంచెవి రెండోది ఇలా తీసుకోండమ్మా."

పద్మనాభయ్య వరండాలో పడి ఉన్న బేడీలు తీశాడు. అవి పట్టుకుని ఒక క్షణం దరియావలి ముందు నిలబడ్డాడు. తరువాత కామాక్షయ్య దగ్గరికి నడిచాడు.

"చేతులు," అన్నాడు.

"నన్నా? నేనెవరో తెలుసా?"

"ఈ పొద్దే తెలిసింది. చేతులు."

బేడీలు టక్కుమన్నాయి. జీపు వైపు నడుస్తూ పద్మనాభయ్య హజరత్తయ్య పక్కన ఆగాడు. "బయటివైపు చూస్తానన్నప్పుడే ఆపాల్సింది నిన్ను."

"ఆపితే క్యారియర్‌కి ఊరికే కళాయి వచ్చేదా?"

పద్మనాభయ్యకి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. దరియావలిని పిలిచి, "మిగిలిన రెండు గిన్నెలకీ పెట్టు. కూలి ఇస్తా," అన్నాడు.

"ఇవ్వక ఎక్కడికి పోతావులే సార్," అంది మదార్‌బీ. తిత్తి ఊదడం మొదలుపెట్టింది.

పెంచలమ్మ బడి గుండిగని పొయ్యి దగ్గరికి దొర్లించింది. ముందు లోపలికి తొంగి చూసింది. తెల్లగా ఉంది. మళ్ళీ చూసింది. తరువాత కాలవ గట్టు బురద తెచ్చి అడుగున పూసి పొయ్యి మీదికి ఎక్కించింది. పొగ పాక కప్పులోంచి పైకి లేచింది.

అన్నం ఉడికేసరికి పొద్దు వాలింది. చెంచులక్ష్మి ముద్ద కలిపి తాను తిని చూసింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె రెండో ముద్ద కూడా తింది. మూడోది హజరత్తయ్య చేతిలో పెట్టింది. ఆయన నిలబడే తిన్నాడు.

ఆమె పోయి బెల్లు తాడు పట్టుకుని తానే కొట్టింది.

ఒడ్డున తాడు మీద చిన్న చేతులు ఒక్కొక్కటే వదిలేశాయి. వీపులు ఇటు తిరిగాయి. మెత్తటి ఇసకలో పడుతూ లేస్తూ పిల్లలు బడివైపు పరుగెత్తారు. వెనక సముద్రంలో సగం వచ్చిన వల వంగి ఆగిపోయింది. పెద్దవాళ్ళు అరిచారు, తిట్టారు, పేర్లు పెట్టి పిలిచారు. ఒక్కడూ తిరిగి చూడలేదు.

ఆ పూట గవ్వలపాలెంలో వల లాగడానికి చేతులు చాలలేదు.